గోడకీ గుండె ఉంటుంది

1 అక్టోబరు 1956, సోమవారం

ఇవాళ నాకు గుండె ఇచ్చారు.

మూడు అట్టపెట్టెలు, పదకొండు వందల నలభై చీటీలు. పాత స్కాట్స్ భాషలో గుండెకి 'హర్ట్' అనే మాట ఏ దస్తావేజులో, ఏ ఉత్తరంలో, ఏ ఏడాది కనిపించిందో, ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం. డాక్టర్ ఫెయిర్‌బర్న్ స్వయంగా మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. ఈ నిఘంటువు ఆఫీసులో నేను చేరి పదకొండేళ్ళయింది. సంపాదకుడుగారు నా బల్ల దాకా రావడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నా వాటాకి వచ్చినవన్నీ చిల్లర మాటలే. కొంకి, గంప, గొర్రెల గజ్జి. కాలేజీ పట్టా లేని ఆడదానికి గజ్జి చాల్లెమ్మనుకున్నారు కాబోలు.

నవంబరు 30న అచ్చుకి వెళ్ళాలి. ఆలోగా కాకపోతే ఆయనే రాసుకుంటారట. నేను మళ్ళీ గజ్జికి.

"ఇది పెద్ద మాట మిసెస్ డన్‌లాప్, మోయగలరా?" అన్నారు. మూడు పెట్టెలేగా అన్నాను. కెటిల్ దగ్గర నిలబడ్డ ఫెమీ టెయిట్‌కి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. ఈ నేలమాళిగలో ముప్పై ఏళ్ళుగా చీటీలు సర్దుతున్న మనిషి. ఆమె దగ్గు ఎప్పుడు దగ్గో, ఎప్పుడు నవ్వో నాకు తెలుసు.

ఇంటికి నడిచే వచ్చాను. బస్సులో కూర్చుంటే ఎవరికైనా చెప్పేసేదాన్ని.

3 అక్టోబరు

కుప్పలు పోస్తున్నాను. బల్ల చాలక కిటికీ గట్టు మీదికి, అక్కడా చాలక నేల మీదికి దిగాను.

మన పాతవాళ్ళకి గుండె అంటే ఒకటా! ధైర్యం. జ్ఞాపకం. ప్రేమించినవాళ్ళని పిలుచుకునే పిలుపు. చెట్టు మానులో చేవ. రాజుగారు చచ్చిపోతే వెండి పెట్టెలో పెట్టి యుద్ధానికి మోసుకుపోయిన అసలు గుండె. దిష్టి తగలకుండా పసిపిల్ల పావడాకి గుచ్చే వెండి బిళ్ళ. అన్నిటికన్నా నాకు నచ్చింది కడుపు. గుండె తిప్పుతోంది అంటే వాంతి వస్తోందని. మా అమ్మ కూడా అలాగే అనేది, నేనేమో అమ్మకి ఒళ్ళు తెలీదనుకునేదాన్ని.

"ఇన్ని రకాలుండీ ముప్పై ఏళ్ళలో నాకు ఒక్కటీ తగల్లేదు చూడమ్మా" అంది ఫెమీ, కుప్పల మధ్య కాలు పెట్టుకుంటూ.

9 అక్టోబరు

కడుపు కుప్ప పూర్తయింది. మధ్యాహ్నం భోజనం చేయడం మరిచిపోయాను.

16 అక్టోబరు

ధైర్యం కుప్ప అన్నిటికన్నా పెద్దది. అందులో ఒక చీటీ. గాలోవేలో ఒక జమీందారీ పుస్తకం, 1587. "పనివారు గుండె పెట్టి కట్టవలెను." కింద మూల, ఆ వాక్యాన్ని ఎత్తి రాసినవాళ్ళ పొడి అక్షరాలు: జి. హెచ్., 1927.

తిరిగి కుప్పలో పెట్టేశాను. వాన.

17 అక్టోబరు

డాక్టరుగారు వచ్చి ధైర్యం కుప్ప ఎంతవరకు వచ్చిందని అడిగి, తనంతట తనే ఆ చీటీ బయటికి లాగారు. ఆయనకి అదంటే ప్రాణం. పన్నెండేళ్ళ కింద దాని మీద ఒక వ్యాసం రాశారు. పూటకూటికి పనిచేసే కూలీకి కూడా మన పూర్వులు గుండెధైర్యం నూరిపోశారు, కొరడా కాదు, అని. చాలా పేరొచ్చిన వ్యాసం. ధైర్యం అనే అర్థం కింద మొదటి ఉదాహరణగా ఇదే పెట్టమన్నారు.

అలాగే అన్నాను.

ఆ దస్తూరి గురించి ఇక్కడ రాయను.

18 అక్టోబరు

వాక్యం అక్కడితో ఆగినట్టు లేదు. 'కట్టవలెను' తర్వాత చుక్క మరీ లావుగా ఉంది. చీటీలో చోటు చాలక ఆపి ఉంటారు.

వాన.

21 అక్టోబరు, ఆదివారం

చోటు చాలక కాదు. చీటీ సగం ఖాళీగానే ఉంది.

జి. హెచ్. అంటే గ్రిజెల్ హానే. పెళ్ళికి ముందు నేను.

రాస్తే రాశాను, మొత్తం రాసేస్తాను. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. నిఘంటువు వాళ్ళు పాత పుస్తకాలు చదివి చీటీలు రాసిపెట్టేవాళ్ళని ఊరూరా వెతుకుతున్నారని మా బడిపంతులు నా పేరు ఇచ్చాడు. జీతం లేదు, గౌరవం ఉంది. నియమం ఒక్కటే: వాక్యం మొదటి నుంచి చివరి దాకా రాయాలి, మధ్యలో తెంపకూడదు. ఎవరైనా తెంపినట్టు తేలితే వాళ్ళు పంపిన చీటీలన్నీ అనుమానం కిందికి వస్తాయి.

ఒక సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ 1587 వాక్యం పైకి చదివాను. నాన్న పొయ్యి పక్కన సూపు తాగుతున్నాడు. నాన్న రాతిగోడలు కట్టేవాడు. మన్నూ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చి కొండ పొడుగునా కట్టే గోడలు. చెంచా ఆపి, అదేంటో నాకు తెలుసమ్మాయ్ అన్నాడు. రెండు వైపులా పెద్ద రాళ్ళు నిలబెట్టి నడుమ నింపే చిన్న రాళ్ళని గుండె అంటాం మేము, అన్నాడు.

నేను నవ్వాను. ఇది మూడొందల నలభై ఏళ్ళ నాటి రాత నాన్నా, నీ రాళ్ళ గొడవ కాదు, అన్నాను. పుస్తకంలో గుండె అంటే గుండెధైర్యమే అయి ఉండాలి. లేకపోతే పుస్తకం ఎందుకు, నేనెందుకు, ఆ బల్ల ఎందుకు? మిగతా సగం వాక్యం రాయకుండా లావుగా చుక్క పెట్టాను.

మిగతా సగంలో ఏముందో నాకు గుర్తు లేదు.

లేదని రాశాను కదా, లేదు.

27 అక్టోబరు, శనివారం. గాలోవే

పుట్టింటికి, తమ్ముడి దగ్గరికి వచ్చాను. ఊరికే, చూసిపోదామని.

ఆండ్రా పక్క పొలంవాళ్ళ గోడ పడిపోతే మళ్ళీ కడుతున్నాడు. పోయిన ఏడాది ఎవడో తక్కువకి కట్టిపోయిన గోడట. పడకుండా మిగిలినచోట పైరాళ్ళు చక్కగా ఉన్నాయి, నాకైతే ఏ వంకా కనపడలేదు. వాడు ఒక రాయి పక్కకి తీసి లోపలికి చూపించాడు.

"పైకి చూడు ఎంత సోకుగుందో. లోపలంతా మన్ను కొట్టాడక్కా, దొంగసచ్చినోడు. వాన తాగి, గడ్డకట్టి, ఒక్క శీతాకాలానికే ఉబ్బి పొట్ట పగిలింది."

మరి ఏం నింపాలని అడిగాను. తెలిసి అడిగానని వాడికి తెలుసు. గుప్పెడు చిన్న రాళ్ళు తీసుకుని ఒక్కొక్కటే సందుల్లో బిగించాడు. విసరలేదు, పొయ్యలేదు. ఒక్కొక్కటే, కదలకుండా, వేలితో నొక్కి చూసి మరీ పెట్టాడు.

"ఇదీ గుండంటే. నాన్న చెప్పాడు గదా నీకు."

చెప్పాడన్నాను.

"నువ్వు నవ్వావు. నేను మెట్ల మీద కూచున్నాలే. ఆ రోజు నుంచీ నీ ముందర రాళ్ళ మాటెత్తలేదు నాన్న. నువ్వు పట్నం పోయేదాకా వాన గురించే మాట్టాడేవాడు. చూసుకోలేదా?"

చూసుకోలేదు. నాన్నకి వాన గురించి మాట్లాడటం ఇష్టమనుకున్నాను.

సాయంత్రం దాకా వాడికి చిన్న రాళ్ళు అందించాను. నేను ఏరినవాటిలో సగం గుండ్రంగా ఉన్నాయని పారేశాడు. గుండ్రటి రాయి జారుతుందట, పట్టు ఉండదట. నిఘంటువులో ఇలాంటివి రాయరా అని అడిగాడు. ఇంకా రాయలేదన్నాను.

1 నవంబరు

మధ్యాహ్నం రికార్డుల ఆఫీసుకి వెళ్ళి ఆ జమీందారీ పుస్తకం తెప్పించుకున్నాను. ఆ పేజీ వెతికి పట్టుకున్నాను.

"పనివారు గుండె పెట్టి కట్టవలెను, ఆ గుండె చిన్న రాళ్ళదై యుండవలెను, మన్ను పోయరాదు, పోసిన యెడల గోడ పడును, తిరిగి కట్టవలసివచ్చును."

నాన్న అన్నదే. అక్షరాలా నాన్న అన్నదే. నాన్నని చూడకుండానే మూడొందల డెబ్బై ఏళ్ళ కింద ఎవడో గుమాస్తా నాన్న మాట రాసిపెట్టాడు. పైకే నవ్వేశాను. అక్కడి ఉద్యోగి పెదవి మీద వేలు పెట్టుకుని నన్ను చూశాడు. పెట్టుకోనీ.

5 నవంబరు

డాక్టరుగారికి పూర్తి వాక్యం చూపించాను. రెండుసార్లు చదివారు. ముఖం తెల్లబోయింది. ఆ వ్యాసం ఆయనకి ఎంత ముఖ్యమో తెలుసు కాబట్టి కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన సంపాదకుడిగా మాట్లాడారు. వాక్యం తెగింది కాబట్టి నియమం ప్రకారం జి. హెచ్. చీటీలన్నీ ఎర్ర రిబ్బను కట్టి పక్కన పెట్టాలి. మూలంతో సరిచూసేదాకా వాడకూడదు. నా పెట్టెల్లో జి. హెచ్.వి అరవై మూడు. అవి లేకపోతే కడుపు కుప్ప సగం కూలిపోతుంది, చేవ కుప్ప మొత్తం పోతుంది. నవంబరు 30 కూడా పోతుంది.

"ఒక్క చీటీ కోసం అరవై మూడు పోగొట్టుకుంటారా? ఈ వాక్యాన్ని ధైర్యం కింద నుంచి తీసేద్దాం, గోడ సంగతి వదిలేద్దాం. చీటీ చిరిగిందని రాసుకుంటాను, ఎవరికీ నష్టం లేదు. ఆలోచించుకోండి" అన్నారు. దయగానే అన్నారు, అదే వచ్చిన చిక్కు.

గుమ్మం దాకా వచ్చాక అడిగారు, ఈ జి. హెచ్. ఎవరో, మనిషి బతికున్నాడో లేదో తెలుసా అని.

తెలీదన్నాను.

6 నవంబరు

తెలీదన్నాను.

8 నవంబరు

వదిలేస్తే అన్నీ సర్దుకుంటాయి. గుండె నా చేతుల్లోనే ఉంటుంది. పదకొండు వందల ముప్పై తొమ్మిది చీటీలు చాలవా? గోడ కట్టేవాళ్ళు నిఘంటువులు కొనరు. వాళ్ళకి తమ మాట తెలుసు, అచ్చులో చూసుకోవాల్సిన అవసరం లేదు. నాన్న పోయి పదిహేనేళ్ళయింది. నాన్నకి ఏం తేడా?

ఇది చదువుకుంటే నాకే ఒళ్ళు మండుతోంది. బయటికి చక్కటి రాళ్ళు, లోపల మన్ను. ఆండ్రా అయితే వేలు పెట్టి చూసి నన్ను దొంగసచ్చినదనేవాడు.

12 నవంబరు, సోమవారం

చెప్పేశాను.

పొద్దున జావ కూడా తాగకుండా వెళ్ళి ఆయన గది తలుపు కొట్టాను. ఫెమీ పెట్టె పట్టుకుని లోపలే ఉంది. పోనీలే, ఉంటే ఉండనీ అనుకున్నాను.

"జి. హెచ్. బతికే ఉంది డాక్టరుగారూ. మీ ఎదురుగా నిలబడి ఉంది. వాక్యం పొరపాటున తెగలేదు, నేనే తెంపాను. మా నాన్న సరైన అర్థం చెబితే, ఆయన చదువుకోలేదని నవ్వి తెంపాను. ఎర్ర రిబ్బను కట్టండి. కానీ గోడ అర్థం మాత్రం నిఘంటువులోకి వెళ్ళాలి. అది వెళ్ళకుండా ఈ మాటని నేను అచ్చుకి పంపను."

సంపాదకుడిని నేనా మీరా అనడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. ఎవరి చీటీలు వాళ్ళు సరిచూసుకోకూడదని మాత్రం అన్నారు. అది కూడా నియమమే.

"నేను చూస్తా" అంది ఫెమీ. "పుస్తకంలోది ఈవిడని పైకి చదవనీండి, చీటీలోది నేను చూసుకుంటా. ఒక్క అక్షరం తప్పినా మొదట చెప్పేది నేనే, నా సంగతి మీకు తెలీదా."

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. ఆ చీటీలు నావని తను ఎప్పుడో కనిపెట్టిందట, నేను చేరిన మొదటి వారంలోనే. "నీ హెచ్ కి అడ్డగీత ఎప్పుడూ గోడ దూకుతున్నట్టు పక్కకి పోద్దే తల్లీ. పదకొండేళ్ళ నుంచి చూస్తున్నా, ఎప్పుడు చెప్తావా అని."

పద్దెనిమిది రోజులున్నాయి. వీపు మీద నుంచి గోడంత బరువు దిగింది. ఆకలేసి రెండు మటన్ పైలు తిన్నాను.

14 నవంబరు

పదకొండు. అన్నీ సరి.

16 నవంబరు

ఇరవై ఆరు. అన్నీ సరి. రికార్డుల ఆఫీసు ఉద్యోగి ఇప్పుడు మా ఇద్దరికీ కుర్చీలు ముందే వేసి పెడుతున్నాడు. ఫెమీ తప్పు దొరుకుతుందేమోనని డేగలా చూస్తోంది. దొరకనందుకు చిరాకు పడుతోంది కూడా.

20 నవంబరు

నలభై తొమ్మిది. ఒకచోట చుక్క కాదు, మసి మరక. దాన్ని కూడా నేను మరకగానే దించి రాశానట. ఫెమీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

23 నవంబరు, శుక్రవారం

అరవై రెండు. అరవై రెండూ నిక్కచ్చిగా ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒక్క వాక్యం తెగలేదు.

పందొమ్మిదేళ్ళ గ్రిజెల్ హానే, నువ్వు పొగరుబోతువి, కానీ పనిమంతురాలివి. ఏడాదిపాటు లాంతరు కింద కూర్చుని ఒక్కసారి కూడా కన్ను తప్పించలేదు. తప్పు చేసింది ఒకే ఒక్కచోట, నాన్న మాట్లాడినచోట.

ఎర్ర రిబ్బను ఫెమీ తన చేత్తో విప్పి, చుట్టచుట్టి నా జేబులో పెట్టింది. దాచుకోమంది, ఇంకెప్పుడైనా తల పొగరెక్కితే చూసుకోమంది.

29 నవంబరు

రాసేశాను. మొత్తం పద్నాలుగు అర్థాలు. కడుపు నుంచి రాజుగారి వెండి పెట్టె దాకా. అన్నిటికన్నా చివర గోడ.

ఆ చివరి అర్థానికి వివరణ ఎలా రాయాలో తెలియక మధ్యాహ్నం దాకా కాగితాలు చించాను. పుస్తక భాషలో ఆరు రకాలుగా రాశాను. ఆరూ పైకి బాగున్నాయి, లోపల పట్టు లేదు. ఆఖరికి నాన్న ఆ సాయంత్రం చెంచా పట్టుకుని అన్న మాటే రాశాను: "రాతిగోడలో రెండు ముఖాల నడుమ ఒక్కొక్కటిగా బిగించే చిన్న రాళ్ళు. బయటికి కనిపించవు. గోడని నిలబెట్టేవి ఇవే."

మొదటి రెండు వాక్యాలే నాన్నవి అనుకున్నాను. మూడోది కూడా నాన్నదే, ఇప్పుడు గుర్తొచ్చింది. నేను నవ్వడం మొదలుపెట్టాక అన్నాడు.

30 నవంబరు, శుక్రవారం

డాక్టరుగారి ఎర్ర పెన్సిల్ సంగతి ఈ భవనంలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళలో ఏ వివరణా గీత పడకుండా ఆ గది దాటలేదని ఫెమీ పందెం కాస్తుంది. పద్నాలుగు అర్థాలూ ముందేసుకుని కూర్చున్నారు. కడుపు మీద రెండు గీతలు. ధైర్యం మీద ఆరు. జ్ఞాపకం మీద ఒక ప్రశ్నార్థకం. ప్రేమ పిలుపు మీద సగం పేజీ కొట్టేశారు, పెళ్ళి కాని మనిషి కదా.

గోడ దగ్గరికి వచ్చారు. పెన్సిల్ కాగితం మీద ఆనింది. అలాగే ఉండిపోయింది. తర్వాత పెన్సిల్ కింద పెట్టేశారు.

"ఇది ఎవరు రాశారు?"

"జాన్ హానే. రాతిగోడల పనివాడు. చదివేది బైబిల్ ఒక్కటే, అదీ వేలు పెట్టి చదివేవాడు."

"నాకన్నా బాగా రాశాడు" అన్నారు. ఆ తర్వాత అరలోంచి తన వ్యాసం ఉన్న పుస్తకం తీసి, ఆ పేరాకి అడ్డంగా ఒక గీత గీశారు. అదే ఎర్ర పెన్సిల్‌తో. పక్కన 1587 పూర్తి వాక్యం దించి రాసుకున్నారు. చివరి చుక్క దాకా.

నేను ఆయన గదిలో ఏడవలేదు. మెట్ల మీద ఏడ్చాను, బాగా ఏడ్చాను. ఏడుస్తూనే రెండేసి మెట్లు దిగాను.

11 డిసెంబరు

అచ్చు నకలు వచ్చింది. పద్నాలుగో అర్థం కింద 1587 వాక్యం, మొత్తం. వేలు పెట్టి చదివాను.

డాక్టరుగారు తర్వాతి మాట ఇచ్చారు. పొయ్యిగడ్డ, ఇంట్లో నిప్పు రాజేసే చోటు. దానికి నాలుగు పెట్టెలు. మోయగలరా అని అడగలేదు.

నకలు ఇంకొకటి అడిగి తీసుకుని ఆండ్రాకి పంపాను.

22 డిసెంబరు, శనివారం

ఆండ్రా ఉత్తరం. వాడి జన్మలో నాకు రాసిన మూడో ఉత్తరం ఇది. ఇక్కడ అతికిస్తే చిరిగిపోతుంది, అందుకని దించి రాసుకుంటున్నాను. మొదటి నుంచి చివరి దాకా, ఏమీ తెంపకుండా.

"అక్కా, కాగితం అందింది. మా ఆవిడ చదివి పెట్టింది, తర్వాత నేను కూడా చదివాను. నాన్న మాట నాన్న అన్నట్టే ఉంది, మీ పట్నపోళ్ళు చెడగొట్టలేదు. గోడకి పటం కట్టించమంది మా ఆవిడ. నాకు నచ్చలేదు. రేకు డబ్బాలో పెట్టి మూత బిగించి, కొండ మీద నాన్న మొదలుపెట్టి వదిలేసిన గోడ ఉంది గదా, ఈ వారం అది పూర్తి చేస్తూ నడుమ గుండెలో పెట్టి చుట్టూ చిన్న రాళ్ళు బిగించేశాను. గుండ్రటివి ఒక్కటీ లేవు. ఇంక దాన్ని ఎవడైనా చదవాలంటే గోడ పడాలి. నేను కట్టింది పడదు. ఇక్కడ వాన."